సిగ్గుపడే గులకరాయా, మౌనంగా ఉండే గులకరాయా?

ఇంట్లో మీ మాటకి పూచికపుల్ల విలువ లేదని కుమిలిపోతున్నారా? మీ అభిప్రాయం ఎవరూ అడగడం లేదని బెంగ పెట్టుకున్నారా? దానికి మందులూ మాకులూ అక్కర్లేదు. వెంటనే ఒక గదికి రంగు వేయించండి! అదీ ఎర్రగానో పచ్చగానో ఉండే రంగు కాదు. చూడగానే ఇది ఫలానా అని చెప్పలేని రంగు ఒకటి తీసుకోండి. దాని పక్కన, దానికి కవల చెల్లెల్లాంటి ఇంకో రంగు పెట్టండి. రెండింట్లో ఏది బాగుందో తేల్చుకోలేక జుట్టు పీక్కోండి. అంతే, మీ దశ తిరిగినట్టే!

ఎవరేమన్నా సరే, దాదాపు ఒకేలా ఉండే రెండు వెలిసిన రంగుల మధ్య నలిగిపోవడమంత భాగ్యం మనిషికి ఇంకోటి లేదని నేను బల్లగుద్ది చెబుతాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, మా బల్ల మీద గుద్దడానికి ఖాళీ ఉండేది కాదు.

ఆ బల్ల సంగతి ముందు చెప్పాలి. నేను ఒక వారపత్రికకి ఈ పేజీ రాస్తుంటానని మీకు తెలుసు. ఎక్కడ కూర్చుని రాస్తానో తెలియదు. మా ఇంటి డైనింగ్ టేబుల్‌కి ఒక మూల, అదే నా ఆఫీసు. వాక్యం మొదలుపెట్టి కర్తని కూర్చోబెట్టగానే నీళ్ల గ్లాసులు వస్తాయి. వెనకాలే ప్లేట్లు వస్తాయి. క్రియ దొరికేసరికి అందరూ తిని చేతులు కడుక్కుంటుంటారు. గిన్నెలు తీసి, బల్ల తుడిచి, మళ్లీ కూర్చుంటే మధ్యలో మిగిలింది నా కర్మ ఒక్కటే.

అలాంటి రోజుల్లో మావారికి ఒక శుభముహూర్తాన దయ కలిగింది. వంటగది పక్కన మాకు ఒక సామాన్ల గది ఉంది. అందులో మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, పాత ఫ్యాను రెక్కలు, ఎవరివో తెలియని చెప్పులు కాపురం ఉంటున్నాయి. వాటన్నిటినీ ఖాళీ చేయగలిగితే ఆ గది నాకిచ్చేస్తానన్నారు. నడుం బిగించి నేనే ఖాళీ చేశాను. తుమ్ముతూ చేశాను, దగ్గుతూ చేశాను, కానీ ఈలపాట పాడుకుంటూ చేశాను. ఆఖరి డబ్బా బయటపడ్డాక మావారు గది మధ్యలో నిలబడి ప్రకటించారు.

"ఇవాళ్టి నుంచి ఈ గది నీది. తలుపేసుకుని హాయిగా రాసుకో!"

తలుపు! ఆ మాట వినగానే నా కళ్లు చెమర్చాయి. తలుపు వెనక కూర్చుని రాసేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ అసూయ. మావారు ఆ ప్రకటనని చుట్టాల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు. చప్పట్ల బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఎంత మంచి భర్త, ఎంత పెద్ద మనసు అని అందరూ మావారిని మెచ్చుకున్నారు. గదిలోంచి డబ్బాలు మోసింది ఎవరని ఒక్కరూ అడగలేదనుకోండి, అది వేరే విషయం.

"రంగు కూడా నీ ఇష్టమే" అన్నారు మావారు, ఆ చప్పట్ల ఊపులో. ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. నేను నోరు తెరిచేలోపు ఆయన జేబులోంచి షేడ్ కార్డు తీశారు. షాపువాడు అప్పటికే పెన్నుతో రెండు గళ్ల చుట్టూ సున్నాలు చుట్టి ఇచ్చాడట. "ఈ రెండూ ఇప్పుడు బాగా నడుస్తున్నాయట. వీటిలో ఏది వేయమంటే అది వేయిస్తా. నిర్ణయం పూర్తిగా నీదే!"

పూర్వం రంగులకి పేర్లుండేవి. ఇటుక రంగు, వంకాయ రంగు, ముక్కుపొడి రంగు అనగానే రంగు కళ్ల ముందు నిలబడేది. ఈ కార్డులో ఒక గడి కింద 'షై పెబుల్' అని రాసుంది. రెండో దాని కింద 'సైలెంట్ పెబుల్'. అంటే ఒకటి సిగ్గుపడే గులకరాయి, ఇంకోటి మౌనంగా ఉండే గులకరాయి! గులకరాయి సిగ్గుపడగా చూసిన మహానుభావుడెవరో నాకు తెలియదు. ఇక మౌనం సంగతంటారా, వాగే గులకరాళ్లు కూడా ఎక్కడో ఉన్నాయనేగా దానర్థం? వాటి రంగేమిటో కార్డంతా వెతికాను, కనబడలేదు.

"ఇవి మ్యూటెడ్ కలర్స్ అమ్మా" అంది మా అమ్మాయి. అది కాలేజీలో చదువుతోంది. ఇంట్లో ఇంగ్లీషుకి, ఇంటర్నెట్‌కి, నాగరికతకి అదే ఇన్‌చార్జి.

"మ్యూటెడ్ అంటే ఏంటే?"

"అంటే... అరవని రంగులన్నమాట."

నోరు మూయించిన రంగులన్నమాట! అదీ మంచిదే. ఇంట్లో అరవకుండా ఉంటే ఎవరికైనా నచ్చుతుంది, రంగులైనా మనుషులైనా.

నా వైభవం ఆ క్షణం నుంచి మొదలైంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగనన్ని ప్రశ్నలు అడిగారు. పొద్దున్న లేవగానే "షైయా, సైలెంటా?" అన్నారు. పళ్లు తోముకుంటుంటే అడిగారు. నోట్లో బ్రష్షుతో "ఊఁ" అంటే, "ఏ ఊఁ?" అని అడిగారు. ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకుంటే "అంత బాధపడకు, ఇంకా టైముంది, నిదానంగా ఆలోచించుకో" అని ఓదార్చారు. రాణిగారికి కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు!

పెయింటర్ వచ్చి గది చూశాడు. గోడ మీద వేలితో కొట్టి చూశాడు, గోరుతో గీకి చూశాడు, చెవి ఆనించి కూడా విన్నాడు. గోడ ఏం చెప్పిందో మాకు చెప్పలేదు. అదే సమయానికి మా వదిన, అంటే మావారి అక్కగారు, పక్క ఊరి నుంచి వీడియో కాల్‌లో ఉంది. ఆవిడ తమ్ముడి ఇంట్లో మేకు కొట్టినా అక్కడి నుంచే సుత్తి పట్టుకునే రకం.

"ఈ గదికి రెండు కోట్లు పడతాయండీ" అన్నాడు పెయింటర్ గంభీరంగా.

ఫోనులో వదిన గుండె గుభేల్మన్న చప్పుడు మాకు ఇక్కడికి వినబడింది. "రెండు కోట్లా! ఒరేయ్ తమ్ముడూ, నీకేమైనా మతిపోయిందా? సామాన్ల గదికి రెండు కోట్లేంట్రా!"

ఆ కోట్లు ఈ కోట్లు కావని, ఒకసారి పూసి ఆరాక ఇంకోసారి పూయడమని మావారు చెప్పేలోపే సిగ్నల్ పోయింది. సాయంత్రానికల్లా చుట్టాలందరూ వరసపెట్టి ఫోన్లు చేశారు. ఎప్పుడూ పలకరించని వాళ్లు కూడా నా ఆరోగ్యం అడిగారు. అప్పటి నుంచి ఆ పెయింటర్‌కి మా ఇంట్లో రెండుకోట్ల మేస్త్రి అనే పేరు స్థిరపడింది. చూశారా, రంగు ఎంచుకోవడం మొదలుపెట్టగానే మా పరపతి ఎక్కడికి వెళ్లిందో!

మేస్త్రి గోడకి ఉప్పుకాగితం రుద్ది, లప్పం పెట్టి, ఆరాక రెండు రంగులనీ ఒకే గోడకి ఆ చివరా ఈ చివరా రెండు చదరాలుగా పూసి వెళ్లాడు. ఒకటి కిటికీ వైపు, ఒకటి గుమ్మం వైపు. "చూసుకుని చెప్పండి మేడమ్, రెండూ క్లాసే" అన్నాడు. నిజమే, రెండూ క్లాసే. ఆ రెండింటినీ విడివిడిగా చూస్తే రెండూ తెలుస్తున్నాయి గానీ, కలిపి చూస్తే ఒక్కటే తెలుస్తోంది. అది మా కళ్ల దోషమా, గోడ మహిమా అనేది పండితులు తేల్చాలి.

ఇక మా దాంపత్యం గురించి చెబుతాను. మామూలుగా మావారూ నేనూ మాట్లాడుకునేది కరెంటు బిల్లు గురించి, గ్యాసు గురించి, ఎవరి పెళ్లికి ఎవరం వెళ్లాలనే దాని గురించి. అలాంటిది, మావారు ఆ చదరం ముందు చేతులు కట్టుకుని నిలబడి, తల పక్కకి వంచి, "దీని లోపల ఎక్కడో కొంచెం నీలం ఉందోయ్" అన్నారు! నేను నోరెళ్లబెట్టాను. ఈ మనిషి లోపల ఏముందో చూడగలరని నేను ఏనాడూ అనుకోలేదు. నా మొహం చూసి ఒంట్లో బాగుందో లేదో చెప్పలేని మనిషి, గోడ లోపల నీలం చూశారు! పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు జాతకాలు మానేసి షేడ్ కార్డులు పట్టుకుని తిరిగితే దేశానికి ఎంత మేలు?

పోట్లాట కూడా జరిగింది. జరగకపోతే అది సంసారమే కాదు కదా. మావారు కిటికీ దగ్గర నిలబడి "ఇది బాగుంది" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి "అది బాగుంది" అన్నాను. "అదా?" అని మావారు నా పక్కనున్న చదరాన్ని చూసి పెదవి విరిచారు. "అదేం రంగు? ఇదే బాగుంది." "ఛ, ఇదేం బాగుంది? అదే బాగుంది" అని నేనూ పట్టు వదల్లేదు. ఆయన ఇది, నేను అది. కొన్నాళ్లపాటు ఇంట్లో ఆ రెండు మాటలు తప్ప ఇంకో మాట లేదు. ఆయన నాకు రంగుల జ్ఞానం లేదన్నారు. నేను వాళ్ల వంశంలోనే ఎవరికీ లేదన్నాను. ఆయన బనీను రంగు గురించి నేను అన్న మాట ఇక్కడ రాస్తే ఎడిటర్‌గారు కొట్టేస్తారు.

చివరికి మా అమ్మాయి విసిగిపోయి "ఇద్దరూ నోరు మూసుకుని, నచ్చిన దాని మీద వేలు పెట్టండి" అంది. పెట్టాం. రెండు వేళ్లూ కిటికీ పక్కనున్న చదరం మీదే ఉన్నాయి! ఆయన పక్కనుంది కాబట్టి ఆయనకి అది ఇది. నాకు దూరంగా ఉంది కాబట్టి నాకు ఇది అది. ఇన్నాళ్లూ మేము ప్రాణాలకి తెగించి కొట్టుకున్నది ఒకే రంగు కోసం.

అమ్మాయి తల బాదుకుంది. "అయితే ఇంకేం, తేలిపోయిందిగా!" అంది.

తేలిపోవడమా! మేమిద్దరం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. నాకు నచ్చింది ఆయనకీ నచ్చిందంటే ఆ రంగులో ఏదో లోపం ఉండి తీరాలని ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చింది. "ఎందుకైనా మంచిది, ఇంకోసారి ఆలోచిద్దాం" అన్నారాయన. "అవునండీ" అన్నాను. అంత ఏకాభిప్రాయం మాకు పెళ్లిపీటల మీద కూడా కుదరలేదు.

మళ్లీ మొదలు. ఈసారి ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ ఆ గదిలోకి లాక్కెళ్లాం. గ్యాసు సిలిండర్ తెచ్చినతను భుజం మీద బరువుతోనే నిలబడి చూసి, కుడి వైపుదన్నాడు. కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినాయన కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు. తీస్తే ఎడమది, పెట్టుకుంటే కుడిదట. కొరియర్ తెచ్చినావిడ సంతకం పెట్టించుకోవడం మర్చిపోయి ఇద్దరు పిల్లల తల్లిలా ఆ రెండు చదరాలనీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది. "పాపం, వద్దన్నదాన్ని చెరిపేస్తారా?" అని కూడా అడిగింది.

నేను షాపుకి వెళ్లి ఆ షాపాయన్నే నిలదీశాను. "అసలు ఈ రెండింటికీ తేడా ఏంటండీ?"

"చాలా తేడా ఉందమ్మా" అన్నాడాయన, అవమానం జరిగినట్టు మొహం పెట్టి. "కింద నంబర్లు చూడండి. వేరు వేరు!"

నిజమే, నంబర్లు వేరే. ఇంటికొచ్చిన వాళ్లకి తేడా తెలియాలంటే గోడ మీద ఆ నంబరు కూడా రాయించుకుంటే సరిపోతుంది!

అన్నిటికంటే నా మనసు నింపేసింది మాత్రం మావాళ్ల ప్రేమ. నా గది రంగు గురించి నాకంటే వాళ్లే ఎక్కువ తపించిపోయారంటే నమ్మండి. ఒకనాడు మావారు ఇంటి నుంచి ఆఫీసు మీటింగులు చూసుకునే ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఆ గోడ ముందు కూర్చుని, కెమెరా ఆన్ చేసి, మొహం అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "సైలెంట్ పెబుల్ అయితే వెనకాల చాలా హుందాగా ఉంటుందోయ్. మా మేనేజర్ వెనక కూడా ఇలాంటి గోడే ఉంటుంది" అన్నారు. నా గదికి హుందాతనం కావాలని ఆయనకెంత పట్టుదల! పొంగిపోయాను.

అమ్మాయి కొలతల టేపు తెచ్చుకుంది. అది ఆ మధ్య పట్టుబట్టి ఎక్సర్‌సైజ్ సైకిల్ కొనిపించుకుంది. ఎక్కడికీ కదలని ఆ సైకిల్ హాల్లో నిలబడి మా అందరి తువ్వాళ్లూ మోస్తోంది. "షై పెబుల్ అయితే రీల్స్‌లో స్కిన్ టోన్ గ్లో అవుతుందమ్మా. సైకిల్ ఈ మూల సరిగ్గా పడుతుంది" అంది. కన్నకూతురు తల్లి గది మూలలు కూడా కొలిచిందంటే ఇంకేం కావాలి?

వదిన ఫోనులోంచే కన్నీటిపర్యంతమైంది. "ఏమ్మా, ఆ రెండింట్లో కాస్త చల్లగా ఉండేది వేయించు. నాకు అసలే నిద్ర తక్కువ. నేనొస్తే పడుకునేది ఆ గదిలోనే కదా! మంచం ఆర్డర్ పెట్టేశాలే, నువ్వేం కంగారుపడకు" అంది. నేను కంగారుపడలేదు. సొంత మరదలి గదిలో నిద్ర ఎలా పడుతుందోనని అంత దూరం నుంచి ఆలోచించే ఆడపడుచు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

ఇంతమంది ఇంతలా తలలు బద్దలుకొట్టుకుంటుంటే పని మొదలవ్వాలి కదా. షాపు నుంచి మేస్త్రి ఫోన్ చేశాడు, డబ్బా ఏది తీసుకోమంటారని. స్పీకర్‌లో పెట్టాం. అదే తప్పయింది. మావారు "సైలెంట్" అన్నారు, అమ్మాయి "షై" అంది, ఇంకో ఫోనులోంచి వదిన "చల్లగా ఉండేది నాయనా" అంది. నేను ఏదో అన్నాను గానీ అది నాకే వినబడలేదు. "సరే సరే, అర్థమైంది" అని మేస్త్రి పెట్టేశాడు. ఏం అర్థమైందో దేవుడికెరుక. మేము అడగలేదు. అడిగితే మళ్లీ మొదటికొస్తుందని భయం.

రంగు పడింది. రెండో కోటు కూడా ఆరింది. అందరం వెళ్లి చూశాం.

"చూశావా! నేను చెప్పిందే వేశాడు" అన్నారు మావారు.

"థాంక్యూ అమ్మా, నా మాటే నెగ్గించావ్" అని అమ్మాయి నన్ను వాటేసుకుంది.

"నాకు తెలుసమ్మా, నువ్వు నా మాట తీసెయ్యవు" అంది ఫోనులోంచి వదిన, ముక్కు చీదుతూ.

మేస్త్రిని పక్కకి పిలిచి అడిగాను, ఇంతకీ ఏది వేశావయ్యా అని. "రెండు కోట్లూ వేశానండి" అన్నాడు. అతని దగ్గర అంతకంటే సమాచారం రాబట్టడం ఎవరి వల్లా కాలేదు. డబ్బా మూత మీద పేరు దగ్గరే ఇంత రంగు కారి ఎండిపోయింది. ఏమైతేనేం, ముగ్గురూ గెలిచారు! ఓడినవాళ్లు ఒక్కరూ లేని పోటీ ఇంకెక్కడైనా చూశారా?

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, కొత్త పెన్ను తీసుకుని, నా కుర్చీ నేనే మోసుకుంటూ నా గదికి వెళ్లాను. గుమ్మంలో ట్రాఫిక్ జామ్! మావారు ఆఫీసు కుర్చీ తోసుకుంటూ వస్తున్నారు, మెడలో హెడ్‌ఫోన్లు. వెనకాల అమ్మాయి తువ్వాళ్లతో సహా సైకిల్‌ని ఈడ్చుకొస్తోంది. వీధి గుమ్మం దగ్గర ఇద్దరు మనుషులు వదిన పంపిన మంచం పట్టుకుని, "ఎక్కడ దించమంటారు సార్?" అని అరుస్తున్నారు.

"మరి నేను?" అన్నాను.

మావారు గదంతా చూశారు. ప్రేమగానే చూశారు. "సర్దుకుందాంలే. మీటింగులు లేనప్పుడు, అమ్మాయి సైకిల్ తొక్కనప్పుడు, అక్కయ్య రానప్పుడు గదంతా నీదే కదా! అయినా నీకు డైనింగ్ టేబుల్ అలవాటేగా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు నిజంగానే వచ్చింది, ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నన్ను అందరూ అడిగింది ఈ రెండింట్లో ఏదని. అసలు నీకు ఏ రంగు కావాలని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నాకు చిలకాకుపచ్చ కావాలి. చూడగానే కళ్లు జిగేల్మనే చిలకాకుపచ్చ! ఆ రంగు వేసుంటే మావారి మేనేజర్ మీటింగులోంచి లేచిపోయేవాడు, అమ్మాయి స్కిన్ టోన్ పసరుగా ఉండేది, వదినకి జన్మలో నిద్ర పట్టేది కాదు. నేను మాత్రం తలుపేసుకుని హాయిగా రాసుకునేదాన్ని. ఎవరికీ అభ్యంతరం లేని రంగు వేయించాను. అందుకే అందరూ మొహమాటం లేకుండా వచ్చేశారు.

పోనీ రంగు సంగతి వదిలేయండి. నా గదిలోకి ఎవరెవరు రావచ్చని ఎవరడిగారు నన్ను? గోడల మీద ఏముండాలో నా ఇష్టం, గోడల మధ్య ఎవరుండాలో వాళ్ల ఇష్టం! ఆ రెండు గులకరాళ్లనీ నా చేతుల్లో పెట్టి, ఇటు తిప్పి చూడు, అటు తిప్పి చూడు అని నన్ను ఆడిస్తూ, నా వెనకాల గది కాస్తా పంచేసుకున్నారు. మోసం చేద్దామని కూడా కాదు. అదే నాకు ఎక్కువ బాధ. రంగు అడిగాం కదా, ఇంకేం అడగాలి అని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు!

అరుద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అంతలో నాకు జ్ఞానోదయమైంది. ఇంత గొప్ప విద్య నాకు ఇన్నాళ్లూ కూర్చోబెట్టి నేర్పారు కదా, దాన్ని వాడకుండా అరుస్తానా?

"ఏమండీ" అన్నాను, వీలైనంత మెత్తగా. "మీ మీటింగుల కోసం నేనొకటి ఆలోచించానండీ. మన బాల్కనీ మీకిచ్చేద్దామని. వెలుతురు ఎంత బాగుంటుందో! కాకపోతే కుర్చీ పూలకుండీల పక్కన వేస్తే బాగుంటుందా, స్తంభం పక్కన వేస్తే బాగుంటుందా అన్నది నాకు తేలడం లేదు. మీకైతే ఇలాంటివి బాగా తెలుస్తాయి. నిర్ణయం పూర్తిగా మీదే!"

మావారి మొహం వెలిగిపోయింది. నిర్ణయం మీదే అనగానే ఆయనకి కూడా ఛాతీ ఉబ్బుతుందని నాకు అప్పుడే తెలిసింది. "కుండీలా, స్తంభమా... ఆలోచించాల్సిన విషయమే" అని గొణుక్కుంటూ కుర్చీ వెనక్కి తిప్పుకుని బాల్కనీకి వెళ్లిపోయారు.

"నీ సైకిల్ హాల్లో టీవీ వైపు తిప్పి పెడదామా తల్లీ, కిటికీ వైపు తిప్పి పెడదామా? రీల్స్‌కి ఏది బాగుంటుందో నాకేం తెలుసు, నువ్వే చెప్పాలి" అన్నాను. అమ్మాయి అప్పుడే ఫోను తీసి వెలుతురు చూసుకోవడం మొదలుపెట్టింది. మంచం కూడా హాల్లోనే దింపించి, వదినకి వీడియో కాల్ చేశాను. "తల సోఫా వైపు పెట్టమంటావా వదినా, తలుపు వైపు పెట్టమంటావా?" ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "ఉండు ఉండు, కంగారుపెట్టకు. ఒకసారి అటు తిప్పి చూపించు" అంది. ఫోన్ అమ్మాయి చేతిలో పెట్టాను.

నా కుర్చీ లోపల వేసుకున్నాను. తలుపు మూసి గడియ పెట్టుకున్నాను. మీరు చదువుతున్న ఈ పేజీ ఆ గదిలోనే రాశాను, అదీ ఒక్క బిగిన రాశాను. చుట్టూ ఉన్న గోడలు సిగ్గుపడుతున్నాయో మౌనంగా ఉన్నాయో తలెత్తి కూడా చూడలేదు. మీక్కూడా ఏదైనా గది కావాలంటే రంగు ఎంచుకోవడంతో సరిపెట్టుకోకండి. త్వరగా ఇంకొకరికి రెండు మూలలు చూపించి, నిర్ణయం వాళ్లకి అప్పజెప్పేయండి.

ఇందాక ఎవరో తలుపు తట్టారు. మావారే.

"ఏమోయ్, కుండీల పక్కన కూర్చుంటే గాలి బాగుంది. స్తంభం పక్కనైతే నీడ బాగుంది. పొద్దుటి నుంచీ అటూ ఇటూ కుర్చీ లాగలేక చస్తున్నా. నువ్వేమంటావ్?"

"అయ్యో, నన్నడుగుతారేంటండీ" అన్నాను లోపల్నించి. "బాల్కనీ మీది, మీ ఇష్టం!"